పేరురోజు చక్రం

మధ్యాహ్నమైనా కాలేదు, విజ్మ కాళ్ళు అప్పుడే కొయ్యబారిపోయాయి. పొద్దున షిఫ్టుకి ఇద్దరు రాలేదు. ఒకరికి జ్వరం, ఇంకొకరు చెప్పాపెట్టకుండా మానేశారు. గంట నిలబడితే పావుగంట కూర్చోనివ్వాలన్న నియమం అద్దాల గది గోడ మీద అంటించి ఉంది. అది ఆ గోడ దిగి ఎప్పుడూ కిందికి రాలేదు. విజ్మ మాత్రం పొద్దుటి నుంచీ ఆ లైట్ల వేడిలో, మనిషి ఎత్తున్న చక్రం పక్కన నిలబడి నవ్వుతూనే ఉంది.

నవ్వడం కూడా పనిలో భాగమే. గంటకి ఆరు యూరోల తొంభై సెంట్లు. నెలంతా నవ్వు జారలేదని పైవాళ్ళు రాస్తే ఇంకో నూట ఇరవై. జారితే చెవిలో పెట్టిన ఇయర్‌ఫోనులో గొంతు వినిపిస్తుంది.

"విజ్మా, పెదాలు. పెదాలు దిగిపోతున్నాయి."

అది షిఫ్ట్ ఇన్‌చార్జి ఎవియా. ఆరేళ్ళు తనూ ఇలాగే నిలబడి, నడుం పట్టేశాక అద్దాల గదిలో కుర్చీ సంపాదించుకున్న మనిషి. చెడ్డది కాదు. కుర్చీ దొరికినవాళ్ళకి అది పోతుందేమోనని ఉండే భయం ఆమెకీ ఉంది.

"ఏం చెయ్యను చెప్పు, మనిషి లేదు. ఇంకో అరగంట ఎలాగోలా లాగించు తల్లీ."

 మైకు తెరిచి ఉండగా నోరు విప్పితే అది ఆడేవాళ్ళందరికీ వినిపిస్తుంది. విజ్మ ఎడమ చెవి తాకి, సరేనన్నట్టు తలూపి, చక్రాన్ని కిందికి లాగి వదిలింది.

చక్రం మీద కాఫీ కప్పులు, కొవ్వొత్తులు, పూలు, మధ్య మధ్య క్లింగెరిస్‌లు బొమ్మలుగా వేసి ఉన్నాయి. క్లింగెరిస్ అంటే ఎండుద్రాక్షా కుంకుమపువ్వూ వేసి, మెలితిప్పి కాల్చే తీపిరొట్టె. వీటి నడుమ అక్కడక్కడా నీలిరంగు తలుపు బొమ్మ. చక్రం ఆ తలుపు దగ్గర ఆగితే స్పీకర్లలో ఎవరో తలుపు కొట్టిన చప్పుడు వస్తుంది. అతిథులు వచ్చినట్టు లెక్క, దాని మీద పందెం కాసినవాడికి పంట పండినట్టు లెక్క. ఆ గదిలో విజ్మా కెమెరాలూ తప్ప మరెవరూ లేరు. ఆడేవాళ్ళు వంటింట్లో, బస్సులో, మరుగుదొడ్లో ఫోను పట్టుకుని ఉంటారు. వాళ్ళు రాసే మాటలు విజ్మ పాదాల దగ్గరున్న తెర మీద పాకుతూ పోతాయి. ఆ పైనున్న ఇంకో తెర, ఆమె ఏమనాలో చెబుతుంది.

ఈ చక్రం సంగతి చెప్పాలంటే మా రీగా నగర జనం పేరురోజు సంగతి చెప్పాలి. మా పంచాంగంలో ఒక్కో రోజుకి రెండు మూడు పేర్లు రాసి ఉంటాయి. ఆ రోజు ఆ పేరున్నవాళ్ళది. పుట్టినరోజుకి మనుషుల్ని పిలుస్తాం, పేరురోజుకి మాత్రం పిలవం. గుర్తున్నవాళ్ళు వస్తారు. ఇంటివాళ్ళు క్లింగెరిస్ కాల్చి, కాఫీ పొయ్యి మీద పెట్టి, తలుపు గడియ తీసి ఉంచాలి. పిలవని పేరంటానికి వెళ్ళడం లోకంలో చిన్నతనం కావచ్చు. మా దగ్గర మాత్రం పిలుపు కోసం కూర్చున్నవాడే చిన్నబోతాడు. ఏటా వచ్చే మనిషి ఒక ఏడు రాకపోతే, ఏం తప్పు మాట అన్నామో అని ఇంటివాళ్ళు ఏడాది పొడుగునా కుమిలిపోతారు.

పోయిన వేసవిలో ఈ మాట సంస్థవాళ్ళకి చెప్పింది విజ్మే. కాసినోలకి ఆటలు తయారుచేసి అమ్మడం ఆ సంస్థ వ్యాపారం. పాత రేడియో ఫ్యాక్టరీలో ఆటలు తయారుచేసేవాళ్ళు పై అంతస్తులో కూర్చుంటారు, వాటి ముందు నిలబడే డీలర్లు కింద ఉంటారు. పైనుంచి తాలిస్ అనే కుర్రాడు దిగొచ్చి, డీలర్లందరికీ ఆపిల్ కేకు పెట్టి, ఎంతో మర్యాదగా అడిగాడు.

"మీరు రోజూ జనంతో ఉండేవాళ్ళు. నాకు తెలీదు, మీరే చెప్పండి. పిలవకుండానే మనిషి గడపలోకి ఎప్పుడు వస్తాడు?"

"పేరురోజుకి," అంది విజ్మ, నోట్లో కేకు ఇంకా ఉండగానే.

అందరూ నవ్వారు. తాలిస్ నవ్వలేదు, రాసుకున్నాడు. పెదవి దాటితే పృథివి దాటుతుందని ఊరికే అనలేదు. విజ్మకి యాభై యూరోల దుకాణం కూపన్ ఇచ్చారు. దాంతో ఆమె కూతురు అగాతెకి చలికాలపు బూట్లు కొంది. ఆకురాలే కాలం వచ్చేసరికి నీలితలుపుల చక్రం తయారై కూర్చుంది.

పేరురోజు ఎవరిదైతే వాళ్ళ ఫోనుకి సందేశం వెళుతుంది. నొక్కితే చక్రం పక్కన నవ్వుతున్న డీలరు కనిపించి పేరుపెట్టి పిలుస్తుంది. పది యూరోల పందేలు ఉచితం. బ్యాంకు కార్డు అక్కర్లేదు. అలవాటు మానుకుని చాలాకాలంగా రానివాళ్ళకి ముందు పంపాలి. ఈ చివరి ముక్క విజ్మ చెప్పలేదు. అది తాలిస్ లెక్కలు చూసుకుని కలిపినది.

ఆ రోజు పంచాంగంలో ఏ పేరుందో విజ్మకి ఇంట్లోనే తెలుసు. బోల్దెరాయా పేటలో ఆమె ఉండే అపార్ట్‌మెంటులో, ఆమె ఇంటికి సరిగ్గా పైన స్కైద్రీతె, గున్వాల్దిస్ అనే దంపతులుంటారు. విజ్మ మొగుడు విడిచిపెట్టి వెళ్ళిననాటి నుంచి అగాతెని బడి నుంచి తీసుకొచ్చేదీ, సూప్ పోసేదీ, విజ్మ షిఫ్టు ముగించుకుని వచ్చేదాకా చూసుకునేదీ స్కైద్రీతే. ఒక్క సెంటు పుచ్చుకోదు. ఆ పొద్దున విజ్మ పిల్ల సంచీ ఇవ్వడానికి పైకెళ్తే, ఆమె మోచేతుల దాకా పిండితో ఉంది. ఎండుద్రాక్షల్ని వేళ్ళతో తడిమి తడిమి ఏరుతోంది. రెండు కళ్ళకీ శుక్లాలు ముదిరి, మనిషి దగ్గరకొస్తే తప్ప ముఖం పోల్చుకోలేదు.

"సాయంత్రం రమ్మని అనను. మీ బాబాయ్ పేరురోజుకి పిలిస్తే పాపం," అంది స్కైద్రీతె. "తలుపు మాత్రం గడియ పెట్టను."

"నువ్వు గడియ పెట్టినా వస్తాను పిన్నీ. బాబాయ్ ఎలా ఉంటున్నాడు?"

"మనిషిలా ఉంటున్నాడే. మొన్న పాత రేడియో విప్పి బాగుచేశాడు. రాత్రుళ్ళు గురక కూడా పెడుతున్నాడు. ఆ రోజుల్లో గురక ఎక్కడిది, తెల్లార్లూ ఆ ఫోనే కదా." ఆమె గొంతు తగ్గించింది. "కార్డు నా దగ్గరే ఉంచా, కోటు జేబులో. కంటి ఆపరేషన్ డబ్బు కూడింది. సోమవారం ఆసుపత్రిలో కట్టేస్తే ఇంక ఎవరి చేతుల్లోనూ ఉండదు."

గున్వాల్దిస్ ఓడరేవులో క్రేను నడిపి రిటైరైన మనిషి. పదవీ విరమణయ్యాక ఖాళీ చేతులకి ఫోను దొరికింది. ఊరవతల ఆపిల్ చెట్లూ గాజుకొట్టమూ ఉన్న తోట ముక్క ఒకటి వాళ్ళకుండేది, స్కైద్రీతె ముప్పై వేసవులు పెంచుకున్నది. అది పోయిన శీతాకాలంలో ఫోను జూదానికి పోయింది. అప్పుడు ఆవిడ ఏడవలేదు. విజ్మ ముందు కూర్చుని, "ఆ ఫోన్లో నవ్వే రంగుల పిల్లలున్నారు చూడు, వాళ్ళే మా ఆయన్ని తినేశారు," అంది. విజ్మ తలొంచుకుని కాఫీ తాగింది. తను వీడియో కంపెనీలో పని చేస్తానని ఆమె ఎప్పుడో చెప్పుకుంది. అది అబద్ధమూ కాదు, నిజమూ కాదు.

అయిదు నెలల క్రితం గున్వాల్దిస్ మానేస్తానని మాటిచ్చాడు. జూదం ఆడనివ్వొద్దని సర్కారు జాబితాలో పేరు రాయించుకోమని స్కైద్రీతె బతిమాలింది. అతను ఒప్పుకోలేదు. "నా పేరు సర్కారు పుస్తకంలో తాగుబోతుల పక్కన ఎందుకే? నా మాట చాలదా?" అన్నాడు. మగవాడి పౌరుషానికి ఆడదాని కళ్ళు తాకట్టు పెట్టడం కొత్తేమీ కాదు.

ఇదంతా తెలిసే విజ్మ పొద్దున బస్సెక్కింది. ఆయన మానేసి ఇంతకాలమైంది, ఖాతా మూసేసే ఉంటాడులే అని తనకి తను చెప్పుకుంది. ఇష్టంలేని నిజం ఎదురుగా ఉంటే మనసు ఎంత తొందరగా పక్క సందులోకి తిరుగుతుందో.

ఆ చెప్పుకున్న ధైర్యం ఇప్పుడు పై తెర మీద ఒక్క వరుసతో పోయింది.

గున్వాల్దిస్. బోల్దెరాయా. అయిదు నెలలుగా రాలేదు. పేరుపెట్టి పిలవండి.

విజ్మ చదవలేదు. ఇంకొకరి పేరు చదివి, చక్రం తిప్పి, పూలబొమ్మ మీద ఆగితే పూలబొమ్మకి చప్పట్లు కొట్టింది. తెర మీద ఆ వరుస ఎర్రబడింది.

"ఒక పేరు వదిలేశావు," అంది ఎవియా చెవిలో.

చక్రం బల్ల కింద కాలితో నొక్కే మీట ఒకటుంది. పందానికీ పందానికీ నడుమ అది నొక్కితే మైకు కాసేపు ఆగి, మాట అద్దాల గదికి మాత్రమే పోతుంది. విజ్మ నొక్కింది.

"ఎవియా, ఈయన నాకు తెలుసు. మా పైఇంటాయన. తెలిసినవాళ్ళు వస్తే చెప్పాలని రూలు కదా, చెప్తున్నా. నన్ను మార్చెయ్యి."

చెవిలో కీబోర్డు టకటకలాడింది.

"చెప్పావు, రాశాను. మనిషి దొరగ్గానే మారుస్తా. అప్పటిదాకా చదువు."

"అప్పటిదాకా ఆయన మునిగిపోతాడు. తోట అమ్ముకున్న మనిషి, ఇప్పుడే ఒడ్డున పడ్డాడు."

"పేరుపెట్టి పిలవడానికేనా ఇంత రాద్ధాంతం? పండగ పూట పేరుపెట్టి పిలిస్తే ఎవడూ చావలేదు. పైనుంచి చూస్తున్నారు విజ్మా, ఆ ఎర్ర గీత నాకు పడుతుంది, నీక్కాదు."

విజ్మ మీట మీద నుంచి కాలు తీసింది. అగాతె ఫీజు, అద్దె, మూడో వారానికే ఖాళీ అయ్యే ఫ్రిజ్జు కళ్ళ ముందు కదిలాయి. కెమెరా వైపు తిరిగి నవ్వింది. ఆ నవ్వుకి ఆమే సిగ్గుపడింది.

"పేరురోజు శుభాకాంక్షలు, గున్వాల్దిస్. కాఫీ వేడిగా ఉంది. లోపలికి రండి, తలుపు తీసే ఉంది."

రాకూడదని మనసులో వేడుకుంది. అతను వచ్చాడు. వంటింట్లో పొయ్యి పక్కన కళ్ళజోడు సర్దుకుంటూ, ఒక వేలితో అక్షరం అక్షరం వెతికి నొక్కుతున్న మనిషి ఆమెకి కనబడుతూనే ఉన్నాడు. కాళ్ళ దగ్గర తెర మీద అతని మాటలు ఒకదాని వెనక ఒకటి పడ్డాయి.

"ఎవరదీ. మా విజ్మేనా."

"ఆ పేరు బియాతె అని రాసుంది గాని ముఖం నీదే."

"వీడియో కంపెనీ అంటే ఇదా అమ్మాయ్. పిన్నికి చెప్పన్లే. నువ్వూ నా సంగతి చెప్పకు."

ఆడేవాళ్ళు ఏం రాసినా పరిచయం ఒప్పుకోకూడదు. విజ్మ నవ్వుతూ చక్రం పక్కకి నడిచింది. అతను ఉచిత పందెంలో రెండు యూరోలు నీలితలుపు మీద పెట్టాడు. ఆమె లాగి వదిలింది. చక్రం తలుపు దాటీదాటక పక్కనున్న క్లింగెరిస్ మీద ఆగింది. తలుపుకి అటూ ఇటూ మంచి బొమ్మలే పెట్టారు. ఓడినవాడికి కూడా, అయ్యో ఒక్క జానెడు దూరంలో తప్పిందే అనిపించాలి. అలా అనిపించినవాడు లేచిపోడు.

"కొంచెం మెల్లిగా తిప్పు తల్లీ. బాబాయ్ కోసం."

 చక్రం ఆమె చేతిలో ఉందనుకుంటున్నాడు. క్రేను మీట ఎంత నొక్కితే కొక్కెం ఎంత దిగుతుందో తెలిసిన మనిషి, ప్రతి యంత్రం వెనకా ఒక చెయ్యి ఉంటుందనీ, ఆ చెయ్యి తెలిసినవాళ్ళదైతే భయం లేదనీ నమ్మాడు. లాగేది ఆమె చెయ్యే. ఎక్కడ ఆగుతుందో ఆ చేతికి తెలియదు.

ఇంకో రెండు తిప్పుళ్ళయ్యాక చక్రం తలుపు మీద ఆగింది. స్పీకర్లలో చెక్క మీద వేలి కణుపులతో కొట్టిన చప్పుడు వచ్చింది, టక్ టక్ టక్. అతని ఖాతాలో నూట ఎనభై యూరోలు పడ్డాయి.

"నీ చేతిలో చలవ ఉందమ్మా."

"మనవాళ్ళుంటే మోసం ఉండదు. నేనప్పుడే అనుకున్నా."

"ఇది తీసుకోవాలంటే ఎలా."

ఆ ప్రశ్నకి విజ్మ జవాబివ్వనక్కర్లేదు, సంస్థ ముందే రాసిపెట్టిన జవాబు దానంతటదే వచ్చింది. గెలుపు భద్రంగా ఉంది. తీసుకోవడానికి మీ కార్డు జతచేసి, కనీసం ఇరవై యూరోలు వేసి, గెలిచిన మొత్తానికి ముప్పై రెట్లు ఆడండి.

"అంతేనా. ఆగమ్మాయ్, చక్రం ఎవరికీ ఇవ్వకు. కార్డు పిన్ని కోటులో ఉంది. తను పాలకి కిందికెళ్ళింది, శాలువా కప్పుకుని పోయింది."

తరవాత తెర మీద ఏమీ రాలేదు. ఆ ఖాళీ చోటులో విజ్మకి ఆ ఇల్లు కనబడింది. ఇప్పుడు అతను కుర్చీలోంచి లేచాడు. ఇప్పుడు నడవలోకి నడిచాడు. ఆ కొయ్యకి తగిలించిన కోటులో ఏ జేబుకి ఏ గుండీయో కూడా ఆమెకి తెలుసు. మీట నొక్కింది.

"ఎవియా, ఇప్పుడే మార్చు. ఆయన కార్డు తేవడానికి లేచాడు."

"నీ బదులు నిలబడాల్సిన జానెతె భోంచేస్తోంది. రెండు రౌండ్లు ఆగు."

"ఆ కార్డులో ఉన్నవి ఆవిడ కళ్ళు ఎవియా. సోమవారం ఆపరేషనుకి కట్టాల్సిన డబ్బు. నా బిడ్డని చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించే మనిషి ఆవిడ."

"ఎవరి ఇంట్లో లేవు చెప్పు ఇలాంటివి?" అంది ఎవియా, కోపంగా కాదు. "ఈ వారం లెక్క తగ్గితే నన్ను మళ్ళీ కింద నిలబెడతారు. నా నడుం సంగతి నీకు తెలుసు. రెండు రౌండ్లు, విజ్మా. తర్వాత నీ ఇష్టం."

తెర మీద కొత్త పందెం తెరుచుకుంది. అంకెలు వెనక్కి తిరుగుతున్నాయి. జనం కప్పుల మీద, కొవ్వొత్తుల మీద నాణేలు పెడుతున్నారు. మళ్ళీ అతని పేరు వెలిగింది.

"వచ్చాను. కార్డు మీద అంకెలు చిన్నవి, కనపట్టం లేదు. కొడుతున్నా ఉండు."

విజ్మ మీట వదిలేసింది. కెమెరా వైపు తిరిగి, తన సొంత గొంతుతో మాట్లాడింది.

"బాబాయ్, ఈ చక్రం నా చేతిలో లేదు. నేను ఊరికే లాగుతాను, అంతే. కార్డు తీసుకెళ్ళి కోటులో పెట్టెయ్. అది పిన్ని కళ్ళ..."

చెవిలో టక్కుమంది. మైకు ఆపేశారు. ఆమె పెదాలు ఇంకో రెండు మాటలు కదిలాయి గాని అవి ఆ గది దాటలేదు. ఎంత వినిపించిందో, ఏం వినిపించిందో ఆమెకి తెలియలేదు.

మాట ఆపగలరు గాని బొమ్మ ఆపలేరు. పందేలు తెరిచాక ఆట ముగిసేదాకా చక్రం కనబడుతూనే ఉండాలి, అది సర్కారు లైసెన్సులో ఉన్న షరతు. చక్రం తిరగకపోతే ఆ ఆట చెల్లదు, అందరి పందేలూ వెనక్కి పోతాయి. ఈ రెండూ చేరిన మొదటి వారంలోనే విజ్మకి బట్టీ వేయించారు. మూడోదొకటి కూడా నేర్పించారు. బల్ల వదిలేటప్పుడు ప్రతి డీలరూ రెండు చేతులూ కెమెరా ముందుకి చాపి, అరచేతులు ఒకసారి, వెనక్కి తిప్పి ఒకసారి చూపించాలి. ఏమీ దాచలేదని, ఏమీ పట్టుకుపోవడం లేదని. చక్రం ఆటలో దాచడానికి ముక్కలు ఉండవు, నాణేలుండవు. అయినా పేకాట బల్లల నాటి నియమం అలాగే ఉండిపోయింది.

అంకెలు మూడుకి వచ్చాయి. చక్రం లాగాల్సిన వేళ.

విజ్మ చక్రం ముట్టుకోలేదు. రెండు చేతులూ ముందుకి చాపింది. అరచేతులు చూపించింది. తిప్పి, వెనక వైపు చూపించింది. ఆ ఒక్కసారి ఆమె ముఖంలో నవ్వు లేదు. చేతులు అలాగే పట్టుకుని ఒక అడుగు వెనక్కి వేసింది, ఇంకో అడుగు వేసింది. అంకె సున్నా అయింది. చక్రం కదలలేదు. అద్దాల గదిలో ఎవియా లేచి నిలబడి, రెండు చేతులతో తల పట్టుకుంది.

జానెతెని పిలిచారు. ఆ పిల్ల సగం తిన్న రొట్టె వదిలేసి పరుగెత్తుకొచ్చింది. తలుపు దగ్గర విజ్మ ముఖం చూసింది. చూశాక మైకు తీగ ఎక్కడో చిక్కుబడిందని కూర్చుంది. ఆ చిక్కు ఆమె ఎంతకీ విప్పలేదు.

బట్టలు మార్చుకునే గదికి తాలిస్ వచ్చాడు. కోప్పడలేదు. పైవాళ్ళు కోప్పడరు, బాధపడతారు.

"కూర్చోండి విజ్మా. మంచినీళ్ళు తాగండి. ఒకాయన మీద జాలితో ఎన్ని వందలమంది ఆట ఆపేశారో తెలుసా?"

"అందరి డబ్బూ అందరికీ పోయింది కదా. ఎవరికి నష్టం?"

తాలిస్ మంచినీళ్ళ గ్లాసు ఆమె వైపు జరిపాడు. "ఇది మీ ఆలోచనే. మీ మాట విని ఎంత ముచ్చటపడ్డామో. మేం ఎవర్నీ చెయ్యి పట్టి లాగడం లేదు. తలుపు తీసి పెట్టాం, అంతే. వచ్చేవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వస్తున్నారు."

విజ్మ జడలోంచి పిన్నులు తీస్తోంది. 

"మా ఇళ్ళలో తలుపు తీసిపెట్టేది వచ్చినవాడికి పెట్టడానికి. నువ్వు తీసింది వచ్చినవాణ్ణి తినడానికి. నేను చెప్పింది అది కాదు బాబూ. నేను చెప్పినప్పుడు నా నోట్లో నువ్వు పెట్టిన కేకుంది, అందుకని నాకు అడగాలని తోచలేదు."

"మీ కూతురు గురించి ఆలోచించుకోండి."

"దాని గురించే," అంది విజ్మ. గేటు కార్డు మెడలోంచి తీసి బెంచీ మీద పెట్టి బయటికి నడిచింది. ముఖానికి పూసిన రంగు కడుక్కోవాలని కూడా గుర్తు రాలేదు.

బయట తుంపర పడుతోంది. బస్సులో ఎదురు సీటు ముసలమ్మ ఆమె ఎర్రటి పెదాల వైపు, కాటుక వైపు రెండుసార్లు చూసి కిటికీలోకి తిరిగింది. వంతెన మీద బస్సు ఆగిపోయి, కదిలి, మళ్ళీ ఆగింది. అతను అంకెలు కొట్టాడా, కొట్టలేదా? తను వదిలేసిన చక్రం ఇంకెవరో తిప్పే ఉంటారు. ఒక ఆట చెల్లకపోతే తరవాతి ఆట ఉండనే ఉంది. దారి పొడుగునా ఆమెకి ఇదే ధ్యాస. ఉద్యోగం పోయిన సంగతి బస్సు దిగాక గాని బుర్రకెక్కలేదు. ఎక్కాక కూడా దిగులు దాని గురించి కాదు.

తన ఇంటి తాళం తీయకుండానే పై అంతస్తుకి వెళ్ళింది. తలుపు గడియ లేదు. నడవలో కొయ్యకి స్కైద్రీతె కోటు వేలాడుతోంది. దాని జేబు గుడ్డ బయటికి వచ్చి, నాలుకలా వేలాడుతోంది. పొద్దున జేబు అలా లేదు.

వంటింటి బల్ల మీద తెల్లగుడ్డ పరిచి ఉంది. నడుమ క్లింగెరిస్, మీద చక్కెర పొడి. గున్వాల్దిస్ ఉతికిన చొక్కా తొడుక్కుని, తల దువ్వుకుని బల్ల దగ్గర కూర్చున్నాడు. పళ్ళెం పక్కన ఫోను బోర్లా పెట్టి ఉంది. విజ్మని చూసి లేవబోయి, లేవలేదు.

"ఎవరూ, విజ్మా? అడుగు చప్పుడు నీదే," అంది స్కైద్రీతె, పొయ్యి దగ్గర నుంచి. "ఇంత పెందలాడే వచ్చేశావేమే? అగాతె పాటల క్లాసు ఇంకా అవ్వలేదు. నేనే వెళ్దామనుకుంటున్నా."

"పని మానేశాను పిన్నీ."

"వీడియో కంపెనీయా?"

"అది వీడియో కంపెనీ కాదు." విజ్మ గుమ్మంలోనే నిలబడింది.  "ఆ ఫోన్లో నవ్వే రంగుల పిల్లలని తిట్టావు చూడు, వాళ్ళలో నేనొకదాన్ని. ఇవాళ పొద్దున బాబాయ్‌ని పేరుపెట్టి పిలిచింది నేనే."

పొయ్యి మీద కాఫీ మరిగి మూత ఎగురుతోంది. స్కైద్రీతె దాన్ని దించలేదు. చేతిలో కత్తి అలాగే పట్టుకుని నడిచి వచ్చింది. బాగా దగ్గరకొచ్చి, విజ్మ ముఖంలో ముఖం పెట్టి చూసింది. బొటనవేలితో ఆమె చెంప మీద మెల్లగా రాసింది. వేలికి గులాబీ రంగు అంటుకుంది. ఆ వేలిని వెలుతురు వైపు పట్టుకుని చాలాసేపు చూసుకుంది.

"పిలిస్తే?" అంది చివరికి. "ఈయన వెళ్ళాడా?"

విజ్మ గున్వాల్దిస్ వైపు చూసింది. అతను నడవ వైపు చూశాడు, కోటు జేబు వైపు. ఆమె అది చూసిందని అతనికి తెలిసింది.  చొక్కా జేబులోంచి కార్డు తీసి తెల్లగుడ్డ మీద, క్లింగెరిస్ పక్కన పెట్టాడు. తరవాత రెండు చేతులూ బల్ల మీద చాపి, అరచేతులు పైకి తిప్పాడు. వెనక్కి తిప్పాడు. మళ్ళీ పైకి తిప్పాడు. క్రేను మీటలు లాగి లాగి కాయలు కాసిన చేతులు. ఏళ్ళ తరబడి ఆ పిల్లలు బల్ల వదిలేటప్పుడు చేయగా చూసి నేర్చుకున్నది అది.

ఆ చేతులు మానేసినవాడివో, ఇంకేమీ మిగలనివాడివో విజ్మకి అర్థం కాలేదు.  స్కైద్రీతె బల్ల అంచు పట్టుకుని కూర్చుని, పొద్దున ఎండుద్రాక్షలు వెతికినట్టే గుడ్డ మీద వేళ్ళతో తడుముతోంది. కార్డు ఆమె వేళ్ళకి ఇంకా అందలేదు.

అప్పుడు బయట ఎవరో తలుపు మీద కణుపులతో కొట్టారు. టక్ టక్ టక్. పిలవకుండా వచ్చిన మొదటి అతిథి. తలుపు తీసే ఉన్నా ఒకసారి తట్టి రావడం మా మర్యాద.

నీలితలుపు చప్పుడులాంటి ఆ చప్పుడుకి గున్వాల్దిస్ కుడిచెయ్యి దానంతటదే బల్ల మీద నుంచి లేచింది. తలుపు వైపు పోలేదు, ఫోను వైపు పోయింది. సగం దూరంలో అతను దాన్ని చూసుకున్నాడు. ఎవరిదో చెయ్యి చూసినట్టు చూశాడు.

"లోపలికి రండి," అని కేకేసింది స్కైద్రీతె, వెతకడం ఆపకుండానే. "తలుపు తీసే ఉంది."

చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది.